నాలుగో ఈఈ

మారేడుపాలెం కాలువల డివిజన్‌లో కిందటి నవంబరులో నలుగురు ఈఈలు పనిచేశారు. మంజూరైన పోస్టు ఒకటే.

ఈఈ అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. డెల్టా చివర ముప్పై రెండు వేల ఎకరాలకు నీళ్లు వదలాలన్నా ఆపాలన్నా ఆయన సంతకం కావాలి. ఆ సంతకం నాలుగు చేతులు మారిన సంగతి చెప్పాలంటే ఆగస్టులో మారేడుపాలెం నాటక పరిషత్తు వాళ్లు వేసిన పద్యనాటకం దగ్గర మొదలుపెట్టాలి.

ఆ నాటకానికి డాక్టర్ ప్రణవేంద్ర వచ్చారు. ఆయన 'కళాధారిత నాయకత్వ కేంద్రం' అనే సంస్థ నడుపుతారు. కంపెనీల మేనేజర్ల చేత మట్టి బొమ్మలు చేయించి, ఆ బొమ్మల్ని బట్టి వాళ్లలో నాయకత్వం ఎంత ఉందో చెబుతారు. కాలువల శాఖ ఆయన్ని సలహాదారుగా పెట్టుకుంది. క్షేత్ర పర్యటనకు వచ్చిన మొదటి రోజున చూపించడానికి ఇంకేమీ లేక ఈఈ చక్రధరరావు ఆయన్ని నాటకానికి తీసుకెళ్లారు.

ఆ ప్రాంతపు పద్యనాటకానికి ఒక పద్ధతి ఉంది. కథానాయకుడి వేషం ఒక్కరే కట్టరు. మొదటి రంగంలో ఒకరు, రెండో రంగంలో ఇంకొకరు, మూడో రంగంలో మరొకరు కడతారు. పొడుగ్గా ఉన్న రాజు తెర వెనక్కి వెళ్లి పొట్టిగా తిరిగొస్తాడు. జనం ఏమీ అనుకోరు. ముగ్గురికీ గొంతు ఉంది, ముగ్గురికీ అభిమానులున్నారు, కాబట్టి ముగ్గురూ రాజులే. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అంటారు. అప్పుడు యుద్ధంలో పడిపోయిన రాజైనా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ పడిపోతాడు.

మూడో రాజు ప్రవేశించే సరికి డాక్టర్ పదకొండు పేజీలు రాసుకున్నారు. పక్కనున్న చక్రధరరావు చెయ్యి పట్టుకున్నారు.

"గమనించారా సార్? నాయకుడు అనేవాడు లేడు. నాయకత్వం అనే పాత్ర ఉంది. మనుషులు వస్తారు, పోతారు. పాత్ర మాత్రం నిరంతరాయంగా ప్రవహిస్తుంది. మనం విదేశీ పుస్తకాల్లో వెతుకుతున్నది ఇక్కడ ఈ మైకు ముందు నిలబడి ఉంది."

చక్రధరరావు "ఉందండీ" అన్నారు. ఆయన వింటున్నది డాక్టర్ మాట కాదు. కాలేజీ రోజుల్లో ఆయనా పద్యాలు పాడేవారు. రెండో రాజు కంటే తన గొంతు మేలని ఆయనకు అప్పుడే అనిపించింది.

సెప్టెంబరు తొమ్మిదిన శాఖ సర్క్యులర్ వచ్చింది. అందులో పదకొండు పేరాలు ఉన్నాయి. ప్రతి డివిజన్‌లో ఈఈ పాత్రను కనీసం ముగ్గురు పంచుకోవాలి. ప్రతి ఈఈ తన వంతు మొదలయ్యేటప్పుడు ప్రవేశ పద్యం పాడాలి. ఒక రంగంలో జరిగినది తర్వాతి రంగంలోని పాత్రను ప్రభావితం చేయరాదు, ఎందుకంటే పాత అభిప్రాయాలు నేర్చుకోవడానికి అడ్డు. రైతును ఇకపై అర్జీదారు అనరాదు, 'సహ అభ్యాసకుడు' అనాలి. 'వన్స్ మోర్' అన్నప్పుడు నిరాకరించరాదు. నిరాకరించడం వినే సామర్థ్యం లేదనడానికి గుర్తు. పొందిన ఒక్కో వన్స్ మోర్‌కు నాయకత్వ సూచికలో ఒక్కో మార్కు. పదోన్నతులు ఆ సూచికను బట్టి ఇస్తారు.

మారేడుపాలెంలో పాత్ర ఇలా పంచారు. ఉదయం పదిన్నర నుంచి ఒంటిగంట దాకా చక్రధరరావు మొదటి ఈఈ. రెండు నుంచి మూడున్నర దాకా డిప్యూటీ ఇంజినీరు (డీఈ) నాగసులోచన రెండో ఈఈ. అక్కడి నుంచి ఐదు దాకా ఆఫీసు సూపరింటెండెంట్ వీరరాఘవులు మూడో ఈఈ. వీరరాఘవులుకు సాహిత్యం మీద మమకారం ఉంది. ముగ్గురికీ కలిపి ప్రవేశ పద్యమూ, ఏ రంగంలో ఏం జరగాలో చెప్పే నాటకమూ ఆయనే రాశారు. ఒక్కరాత్రిలో రాశానని చెప్పుకున్నారు. చదివినవాళ్లు నమ్మారు.

నవంబరు నాలుగున సైకం నాంచారమ్మ ఆఫీసుకు వచ్చింది.

ఆమెకు నలభై ఆరేళ్లు. గొల్లగుంటలో నాలుగెకరాలు కౌలుకు చేస్తోంది. ఊరి చేలకు ఏడో నంబరు చానల్ నుంచి నీళ్లు వస్తాయి. ఆమె చేను ఆ చానల్‌కు చిట్టచివర ఉంది. చానల్‌కు సిమెంటు పని చేయిస్తారని అక్టోబరులో లాకు దగ్గర షట్టరు దించారు. పని చేసేవాళ్లు రాలేదు. షట్టరు ఎత్తమని ఎవరూ చెప్పలేదు. పెద్ద కాలువలో నీళ్లు పారుతూనే ఉన్నాయి. వరి పాలుపోసుకునే దశకు వచ్చింది. చేను నెర్రెలిచ్చింది. పదహారో తేదీలోగా నీళ్లు తగలకపోతే గింజంతా తాలు పోతుందని లాకు కాపలా చూసే లస్కరు జక్రయ్య లెక్క చెప్పాడు. షట్టరు ఎత్తడం అతనికి పది నిమిషాల పని. ఈఈ కాగితం లేకుండా ఎత్తితే ఉద్యోగం ఉండదు.

ఈఈ గది గుమ్మానికి ముదురు ఎరుపు తెర కట్టి ఉంది. అటెండరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగక్కా. సారు ఇంకా ప్రవేశించలా."

"లోపల కూర్చునే ఉన్నారుగా, కాళ్లు కనపడతన్నయ్యి."

"కూర్చున్నారు. ప్రవేశించలా."

డ్రాఫ్ట్స్‌మన్ హార్మోనియం అందుకున్నాడు. తెర పక్కకు జరిగింది. చక్రధరరావు కుర్చీలోంచి లేచి, ఫైళ్ల మీద చెయ్యి ఉంచి అందుకున్నారు.

షట్టరెత్తు వాడె చక్రధరుండయా
చివరి భూమి దాక చేరు నీరు
గేటు తెరచినంత గింజ పాలెక్కును
తాళమున్న చేయి దైవమయ్య

పద్యం నాలుగు పాదాలు. ఆలాపనతో కలిపి నాలుగు నిమిషాలు. రెండో ఈఈ పాడినా, మూడో ఈఈ పాడినా పద్యంలో పేరు మాత్రం చక్రధరరావుదే ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఆయన సంతకం కావాలి. నాంచారమ్మ అది ప్రార్థన అనుకుని చేతులు జోడించి నిలబడింది.

"చెప్పమ్మా" అన్నారు చక్రధరరావు.

"ఏడో నంబరు చానలుకి షట్టరు దించేశారండి. పని కోసమన్నారు. పనీ లేదు, నీళ్లూ లేవు. మా ఊరి చేలు మూడొందల ఎకరాలు ఎండిపోతన్నయ్యండి. తమరు ఒక్క కాగితం రాస్తే జక్రయ్య ఎత్తేత్తాడు."

చక్రధరరావు తల ఊపారు. "బాగుంది. సమస్య నా రంగంలో చక్కగా ఆవిష్కృతమైంది. పరిష్కారం మూడో రంగంలో వస్తుంది. మధ్యలో సంఘర్షణ ఉండాలి. రెండు గంటలకు రా."

"సంఘర్షణ అంటే ఏంటండీ?"

"డీఈ గారు ఒప్పుకోరు."

రెండు గంటలకు నాగసులోచన ప్రవేశ పద్యాన్ని నిమిషమున్నరలో చదివేశారు. నాంచారమ్మ చెప్పింది విన్నారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒప్పుకోవడం లేదమ్మా."

"ఎందుకండీ?"

"నాకు కారణమేమీ లేదు. ఎత్తాల్సిన షట్టరే అది. రెండో రంగంలో ఒప్పుకోకూడదని రాసి ఉంది."

"మరి రాయకూడదా ఆ ముక్కే కాగితం మీద?"

"రాస్తే సంఘర్షణ ఉండదు. సూపరింటెండెంట్ గారు రాసిన నాటకంలో నాకున్నది ఆ ఒక్క పనే. మూడున్నర దాకా వరండాలో కూర్చో. మంచినీళ్లు తాగు."

మూడున్నరకు వీరరాఘవులు ప్రవేశించారు. తన పద్యం తానే పాడుకుంటున్నప్పుడు ఆయన కళ్లు మూతపడ్డాయి. తెరిచాక నాంచారమ్మను చూశారు.

"ఎవరు నువ్వు?"

"పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నానండి. తమరే నాకు రిజిస్టర్లో సంతకం పెట్టించారు, సహ అభ్యాసకురాలని."

"అప్పుడు పెట్టించింది సూపరింటెండెంట్. ఇప్పుడు ఇక్కడున్నది ఈఈ. సరే, విషయం చెప్పు."

"పెద్దసారు విన్నారండి. డీఈ అమ్మగారు ఒప్పుకోలేదండి. ఇంక తమరు రాయడమే."

వీరరాఘవులు చిరునవ్వు నవ్వారు. "వాళ్లు విన్నది వాళ్ల రంగంలో. ముందు రంగంలో జరిగింది ఈ రంగంలో పాత్రకు తెలియకూడదు. తెలిస్తే నటన చెడుతుంది. పేరా నాలుగు. రేపు మొదటి రంగం నుంచి రా."

ఆమె మర్నాడు మొదటి రంగం నుంచి వచ్చింది. మూడో రంగం దాకా ఉంది. ఆరో తేదీన కూడా వచ్చింది. ఆ రోజు డాక్టర్ ప్రణవేంద్ర సమీక్షకు వచ్చారు. సమావేశ మందిరంలో కుర్చీలు తీయించి సిబ్బందిని నేల మీద వలయాలుగా కూర్చోబెట్టారు. వరండాలో ఉన్న నాంచారమ్మను చూసి లోపలికి పిలిచారు.

"ఇదిగో, సజీవ పాఠం. అమ్మా, నీ అనుభవాన్ని మాతో పంచుకో."

ఆమె షట్టరు సంగతి చెప్పింది. చేను సంగతి చెప్పింది. కౌలు కాగితం మీద వేలిముద్ర వేసి కిందటి నెల తన మొగుడు కొడుకుతో కలిసి ఇటుకబట్టీ పనికి పోయాడనీ, చేను చూసుకునేది తానొక్కతేననీ చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు ఒకసారి ఆగింది.

డాక్టర్ ముందుగా చప్పట్లు కొట్టారు. "వన్స్ మోర్."

నాంచారమ్మకు అర్థం కాలేదు. వీరరాఘవులు వివరించారు. ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ వన్స్ మోర్ అన్నారు. మూడోసారి చెప్పాక డాక్టర్ వలయాలకు స్కెచ్ పెన్నులు పంచారు. ఈ అర్జీ ఒక జంతువైతే ఏ జంతువు అవుతుందో కలిసి ఆలోచించి గీయమన్నారు. రెండు వలయాలు చేపను గీశాయి. ఒకటి ఒంటెను గీసింది. అరగంట తర్వాత అభిప్రాయాలు చెప్పమన్నారు.

"మొదటిసారి ఉన్న నిజాయితీ మూడోసారి తగ్గింది" అన్నారు చక్రధరరావు.

"గొంతు ఆగడం ఇంకొంచెం ముందు వస్తే బాగుండేది" అన్నారు వీరరాఘవులు.

నాంచారమ్మ అందరి వంకా చూసింది. "మొదటిసారి చెప్పినప్పుడే షట్టరెత్తితే రెండోసారీ మూడోసారీ ఉండేవి కాదు కదండీ?"

డాక్టర్ ఆ మాటను చార్టు మీద రాయించారు. కింద 'సహ అభ్యాసకురాలి అంతర్దృష్టి' అని రాయించి, గీత గీయించి, గోడకు అంటించారు. ఆ చార్టు ముందు సిబ్బంది ఫొటో దిగారు. నాంచారమ్మను మధ్యలో నిలబెట్టారు.

ఎనిమిదో తేదీన ఆఫీసుకు కబురొచ్చింది. పద్నాలుగున చీఫ్ ఇంజినీరు మూల్యాంకనానికి వస్తారు. డివిజన్ సిబ్బంది తమ పనిలోంచి తీసుకున్న కథతో పద్యనాటకం వేసి చూపాలి. ప్రదర్శన పని జరిగే చోటే ఉండాలి. వీరరాఘవులు 'జలప్రదాత' పేరుతో నాటకం పూర్తి చేశారు. ఏడో నంబరు చానల్ లాకు మీద వేదిక కట్టాలని నిర్ణయించారు. రైతు వేడుకోలు విని కరిగిన ఈఈ పద్యం పాడుతుండగా షట్టరు నిజంగా లేస్తుంది. ఆ దృశ్యం మూడో రంగంలో ఉండేది. చీఫ్ ఇంజినీరు మధ్యలో భోజనానికి వెళ్లిపోతారేమోనని చక్రధరరావు దాన్ని మొదటి రంగంలోకి తెచ్చారు.

పదో తేదీ సాయంత్రం నాంచారమ్మ లాకు దగ్గరికి వెళ్లింది. జక్రయ్య షట్టరు చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. పక్కన రంగు డబ్బా ఉంది.

"ఎత్తుతున్నారంటగా తమ్ముడూ?"

"ఎత్తుతారక్కా. పద్యం ఎత్తుకున్నప్పుడు నన్ను ఎత్తమన్నారు. పద్యం అయిపోతే దించమన్నారు."

"దించడమేంటి?"

"పంటకు వదలమని కాగితం రాలేదుగా. ఇది నాటకానికి ఎత్తడం. నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల నీళ్లు ఆ మొదటి తూము దాకా కూడా పోవు. మీ చేను దాకా పోవాలంటే ఆరేడు గంటలు పారాలి."

నాంచారమ్మ కాలువ వంక చూస్తూ గట్టు మీద కూర్చుంది. పెద్ద కాలువలో నీళ్లు అంచుదాకా ఉన్నాయి.

"వన్స్ మోర్ అంటే?"

"అంటే మళ్లీ పాడాల."

"అప్పుడు షట్టరు దించుతావా, అట్టే ఉంచుతావా?"

జక్రయ్య గ్రీజు గుడ్డ పక్కన పెట్టాడు. "పద్యం అయిపోతే దించమన్నారు. అవకపోతే ఏం చెయ్యాలో చెప్పలా."

"నువ్వు అడగమాక" అంది నాంచారమ్మ. లేచి ఊళ్లోకి వెళ్లింది.

పద్నాలుగున పదకొండు గంటలకు లాకు ముందు షామియానా కింద నూట ఎనభై మంది రైతులున్నారు. ఆఫీసువాళ్లు అరవై కుర్చీలే వేయించారు. మిగిలినవాళ్లు గట్టు మీద కూర్చున్నారు. కొందరు క్యారేజీలతో వచ్చారు. పొద్దున్నుంచి ఒక బ్యాచీ, మధ్యాహ్నం నుంచి ఒక బ్యాచీ అని ముందే అనుకున్నారు. చీఫ్ ఇంజినీరుకు ముందు వరసలో సోఫా వేశారు. పక్కన డాక్టర్ మార్కుల కాగితంతో కూర్చున్నారు.

పదకొండూ పన్నెండుకు చక్రధరరావు కిరీటంతో ప్రవేశించారు. జక్రయ్య చక్రం తిప్పాడు. షట్టరు లేచింది. నీళ్లు చానల్‌లోకి దూకాయి. నాలుగో పాదం చివరి అక్షరాన్ని చక్రధరరావు సాగదీస్తుండగా గట్టు మీద నుంచి నూట ఎనభై గొంతులు ఒక్కసారి లేచాయి.

"వన్స్ మోర్!"

చక్రధరరావు గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగారు. ఆయన ఉద్యోగ జీవితంలో ఇంతమంది రైతులు ఆయన్ని చూసి సంతోషించడం అదే మొదలు. మళ్లీ పాడారు. మళ్లీ అడిగారు. డాక్టర్ గీతలు గీసుకుంటున్నారు. పన్నెండున్నరకు గీతలు పంతొమ్మిది. నాంచారమ్మ వెనక నిలబడి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఆమె తోటికోడలు చానల్ గట్టు మీద నీళ్లతోపాటు నడుస్తూ చెబుతోంది.

"మొదటి తూము దాటింది" అంది నాంచారమ్మ పక్కవాళ్లతో.

"వన్స్ మోర్!" అన్నారు పక్కవాళ్లు.

"ఈఈ గారూ, 'గింజ' దగ్గర ఇంకొంచెం లాగండి, ప్రాణం లేచొస్తంది!" అని ఒక రైతు కేకేశాడు.

"తొందరెందుకు సారూ, మేం ఎక్కడికీ పోం!" అన్నాడు ఇంకొకతను.

చీఫ్ ఇంజినీరు డాక్టర్ వైపు వంగారు. "ఈ ఊళ్లో పద్యమంటే ఇంత ప్రేమా?"

"ప్రేక్షకుల భాగస్వామ్యం సార్. సంస్థకూ సమాజానికీ మధ్య గోడ కరగడం అంటే ఇదే. దేశంలో ఇంత సూచిక ఎక్కడా నమోదు కాలేదు."

చీఫ్ ఇంజినీరు భోజనం సోఫా దగ్గరికే తెప్పించుకున్నారు.

ఒకటీ నలభైకి ముప్పై ఏడోసారి పాడుతూ చక్రధరరావు మూడో పాదం దగ్గర ఆగారు. నోరు కదిలింది. శబ్దం రాలేదు. జక్రయ్య చక్రం మీద చెయ్యి వేశాడు. వేదిక పక్కనున్న నాగసులోచన గట్టు వైపు చూశారు, చానల్ వైపు చూశారు, నాంచారమ్మ చేతిలోని ఫోను చూశారు. పది రోజులుగా ఒప్పుకోవడం లేదని చెప్పిన మనిషి ఆమె. వేదిక ఎక్కి కిరీటం అందుకున్నారు. చార్జి అప్పగింత ఫారం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. ఆ ఫారం నాటకంలో వస్తువే అయినా ఆఫీసులో వాడేది కూడా అదే.

నాగసులోచన నిమిషమున్నరలో చదివేసే పద్యాన్ని ఆ రోజు ఆరు నిమిషాలు పాడారు. ఒక్కో పాదానికి ముందు ఆలాపన, ఒక్కో పాదానికి తర్వాత ఆలాపన. శ్రుతి రెండుసార్లు తప్పింది. గట్టు మీద ఎవరికీ పట్టలేదు. మూడూ ఇరవై దాకా ఆవిడ నిలబడ్డారు. అప్పటికి నీళ్లు ఊరి పైభాగం చేలన్నీ తడిపి దిగువకు వస్తున్నాయి.

తర్వాత వీరరాఘవులు. యాభై ఏడేళ్ల వయసు, పైగా సొంత పద్యం. ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తల ఊపుకుంటూ పాడారు. నాలుగూ నలభైకి ఆయన గొంతు గాలిగా మారింది. గాలి చెల్లదు. పద్యం చివరి వరసకు వినపడాలని సర్క్యులర్‌లో ఉంది.

నాంచారమ్మ ఫోనులో తోటికోడలు చెబుతోంది. "మా చేలోకి వచ్చినయ్యక్కా. నీ చేనుకి ఇంకో గంట పైనే పడద్ది."

వేదిక మీద వీరరాఘవులు గొంతు పట్టుకుని జక్రయ్యకు చేత్తో దించమని సైగ చేశారు. జక్రయ్య చక్రం పట్టుకున్నాడు. తిప్పలేదు.

"వన్స్ మోర్" అని గట్టు మీద అన్నారు. ఈసారి ఎవరూ పాడలేదు.

నాంచారమ్మ చెప్పులు విడిచి వేదిక ఎక్కింది.

"నేను కడతానండి. నాలుగో ఈఈ."

వీరరాఘవులు నోరు తెరిచారు. ఆయన అనాలనుకున్నది ఎవరికీ వినపడలేదు. చీఫ్ ఇంజినీరు డాక్టర్‌ను చూశారు. "ఇది నిబంధనల్లో ఉందా?"

డాక్టర్ నిలబడ్డారు. సర్క్యులర్ తెరిచి చదివారు. "పేరా తొమ్మిది. పాత్ర ఖాళీ అయిన క్షణంలో, అక్కడున్న సహ అభ్యాసకులలో ఎవరు ముందుకు వస్తే వారికి పాత్రను అప్పగించవలెను. సార్, ఈమె రిజిస్టర్లో ఉన్న సహ అభ్యాసకురాలు. ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్నది మొదటిసారి జరుగుతోంది. దయచేసి ఆపకండి."

వీడియో తీస్తున్న కుర్రాడు కెమెరాను చీఫ్ ఇంజినీరు వైపు తిప్పాడు. ఆయన తల ఊపారు. మూడో ఈఈ నుంచి నాలుగో ఈఈకి చార్జి అప్పగింత ఫారం పూర్తయింది. నాంచారమ్మ సంతకం చేసింది. కింద చీఫ్ ఇంజినీరు సంతకం చేశారు. కెమెరా అప్పుడూ ఆయన వైపే ఉంది.

కిరీటం ఆమెకు వదులైంది. తీసి హార్మోనియం మీద పెట్టింది.

"నాకు పద్యం రాదండి" అంది మైకులో. "కాగితం ఉంటే ఇవ్వండి."

నాగసులోచన లెటర్ హెడ్డు ఉన్న కాగితం, పెన్ను ఇచ్చారు. నాంచారమ్మ వేదిక మీదే కూర్చుని, తొడ మీద కాగితం పెట్టుకుని రాసింది. ఒక్కో అక్షరం రాయడానికి సమయం పట్టింది. రాసింది మైకులో చదివింది.

"ఏడో నంబరు చానల్ షట్టరు తెరిచి ఉంచాలి. కోతలు అయ్యేదాకా దించకూడదు. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు."

కాగితం జక్రయ్యకు ఇచ్చింది. అతను చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చక్రం మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఆరూ పదికి నాంచారమ్మ చేలో నీళ్లు పడ్డాయి. ఆ సమయానికి ఆమె అక్కడికి చేరుకుని మడవ దగ్గర పార పట్టుకుని ఉంది.

మారేడుపాలెం డివిజన్‌కు నాయకత్వ సూచికలో ఎనభై రెండు మార్కులు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న డివిజన్‌కు ఆరు. శాఖ అభినందన లేఖ పంపింది. చిక్కు తర్వాత వచ్చింది. పంతొమ్మిదో తేదీన చక్రధరరావు యథాప్రకారం ఒక బిల్లు మీద సంతకం చేస్తే ఖజానా తిప్పి పంపింది. రికార్డు ప్రకారం మొదటి ఈఈ చార్జిని రెండో ఈఈకి, రెండో ఈఈ మూడో ఈఈకి, మూడో ఈఈ నాలుగో ఈఈకి అప్పగించారు. అన్నిటి మీదా సంతకాలున్నాయి. చివరి దాని మీద చీఫ్ ఇంజినీరు సంతకం ఉంది. నాలుగో ఈఈ ఎవరికీ అప్పగించలేదు.

వీరరాఘవులు ఫారం పట్టుకుని గొల్లగుంట వెళ్లారు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. నాంచారమ్మ మడవ కడుతోంది.

"ఇక్కడొక సంతకం పెట్టమ్మా. చార్జి తిరిగి ఇచ్చేసినట్టు."

"ఎవరికండీ ఇచ్చేది?"

"ఈఈ గారికి."

"ఏ ఈఈ గారికి? ముగ్గురున్నారు కదండీ తమరిలో. కాగితంలో ఖాళీ ఉంది, పేరు రాసుకురండి."

ఆ ఖాళీలో ఎవరి పేరు రాయాలో తేల్చమని డివిజన్ చీఫ్ ఇంజినీరుకు రాసింది. చీఫ్ ఇంజినీరు డాక్టర్‌ను అడిగారు. పాత్ర మనుషులకు చెందదు కాబట్టి పేరు రాయడం సిద్ధాంతానికి విరుద్ధమని డాక్టర్ నాలుగు పేజీల జవాబు పంపారు. ఈలోగా ఈఈ పేరున వచ్చే టపా గొల్లగుంటకు వెళ్లడం మొదలైంది. జక్రయ్య డ్యూటీ దిగి వెళ్తూ ఇచ్చేవాడు. ఎనిమిదో నంబరు చానల్ వాళ్లు ఒకరోజు వచ్చి తమ షట్టరు సంగతి చెప్పారు. ఆమె వాళ్లతోపాటు వెళ్లి చూసి, కాగితం రాసిచ్చింది.

నవంబరు ముప్పైన శాఖ నుంచి గోధుమ రంగు కవరు వచ్చింది. ఉన్నత నాయకత్వ శిక్షణ, రెండో దశ. డిసెంబరు ఎనిమిది నుంచి పన్నెండు దాకా అయిదు రోజులు అక్కడే ఉండాలి. అంశాలు: కుండల తయారీ ద్వారా నిర్ణయ సామర్థ్యం, మౌనం ద్వారా బృంద స్ఫూర్తి. మారేడుపాలెం ఈఈ స్వయంగా హాజరు కావాలి, లేదా తమ తరఫున ఒక ఉద్యోగిని పంపాలి.

నాంచారమ్మ వాకిట్లో కూర్చుని రెండుసార్లు చదివింది. తొమ్మిదో తేదీకి కోత మనుషుల్ని మాట్లాడుకుంది. కవరు వెనక పెన్నుతో రాసింది.

"కోతలున్నాయి. నాకు కుదరదు. చక్రధరరావు గారిని పంపండి. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు."

చక్రధరరావు ఎనిమిదో తేదీ పొద్దున మొదటి బస్సుకు వెళ్లారు.